కర్నూలు నుంచి శ్రీశైలం కాలినడక: అలవాటు నడకకే ఇట్లయితే అడవి దారి ఎట్లా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఈ ఉగాదికి కర్నూలు నుంచి శ్రీశైలం దాకా నడిచి వస్తానని మల్లన్నకు మొక్కుకున్నాను. అసలు మొక్కు మా అమ్మది. మోకాళ్లు అరిగిపోయి ఇంటి మెట్లే ఎక్కలేకపోతోంది, అందుకని ఆమె బదులు నేను నడుస్తానని మాటిచ్చాను. మా పేటలో ఏటా నడిచే బృందం ఒకటుంది. నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, అక్కడి నుంచి అడవిలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం దాటి గుడికి పోతారు. నన్నూ కలుపుకున్నారు.

పోయిన ఆదివారం అలవాటు కోసమని అందరం బ్యాగులు తగిలించుకుని నందికొట్కూరు దాకా నడిచాం. దగ్గరదగ్గర 30 కిలోమీటర్లు. చీకటితోనే బయలుదేరాం. గార్గేయపురం దాటేదాకా హాయిగా ఉండింది, భజన పాటలు కూడా పాడుకున్నాం. ఎండ ఎక్కినాక ఎడమ మడమ దగ్గర మంట మొదలైంది. అందరూ నడుస్తుంటే నేనొక్కదాన్నే ఆగడం బాగుండదని అట్లే నడిచాను. బ్రాహ్మణకొట్కూరు వచ్చేసరికి రెండు కాళ్లకూ బొబ్బలు. బ్యాగు పట్టీలు భుజాల్లోకి దిగిపోయి చేతులు తిమ్మిరెక్కాయి. ఇంటికొచ్చి తూకం వేస్తే బ్యాగు 9 కిలోలు. నా బరువు 52.

నొప్పి కన్నా నన్ను ఎక్కువ కుదిపింది వేరే ఉంది. బృందంలో ఇద్దరు మామలు బాగా వేగంగా నడుస్తారు. వాళ్ల వెనక మిగతావాళ్లు, అందరికన్నా వెనక నేను. ఒక అక్క నా కోసం ఆగి ఆగి నాతోనే నడిచింది. నేను లేకపోతే ఆమె ఎప్పుడో చేరి నీడలో కూర్చునేది. తిరుగు బస్సులో ఎవరూ ఏమీ అనలేదు గానీ, దిగేటప్పుడు ఒక మామ "ఇంకోసారి ఆలోచించుకో తల్లీ, అడవిలో బస్సు ఉండదు" అన్నాడు. మంచికే చెప్పాడని తెలుసు. రాత్రంతా అదే చెవిలో మోగింది.

నడిచినవాళ్లు చెప్పండి. మొదట్లో అందరికీ ఇట్లే ఉంటుందా, లేక నా ఒంటికి ఇది సరిపడదా? బ్యాగులో ఏం తీసేయాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి బృందంతో పోవడం న్యాయమేనా?

బండి దిగిన బాటసారి (నంద్యాల)

అక్కా, మొదటి రెండు రోజులు ఎవరికైనా నరకమే, మూడో రోజు నుంచి కాళ్లు మాట వింటాయి. బొబ్బకు మా వాళ్లు చేసే పని ఒకటి చెప్తా. సూదికి దారం ఎక్కించి బొబ్బలో ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చి, దారం అట్లే లోపల వదిలేస్తారు. నీరంతా దారం వెంట కారిపోతుంది. నొప్పి ఉండదు, వెంటనే నడవొచ్చు.

కత్తెర మామ (ఎమ్మిగనూరు)

పాపా, నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తా, ఎందుకంటే అది తేలకుండా బ్యాగు గురించి మాట్లాడి లాభం లేదు. న్యాయమే. నెమ్మదిగా నడిచే మనిషి ఉండేదానికే బృందం. వేగంగా నడిచేవానికి బృందం ఎందుకు, వాడు ఒక్కడే పోగలడు.

నేను టైలర్‌ని. కుట్టు మిషన్ ముందు కూర్చునే బతుకు, నడక అలవాటు లేని ఒళ్లు. మొదటిసారి ఎమ్మిగనూరు నుంచి బయలుదేరినప్పుడు కర్నూలు దాటేదాకా ఎట్లనో లాక్కొచ్చినా. నందికొట్కూరు దాటి జూపాడుబంగ్లా పక్కకు పోతాంటే మిట్టమధ్యాహ్నం ఒక వేపచెట్టు కింద కూలబడినా. మా వాళ్లు ముందుకు పోయినారు. ఉగాది ముందు ఆ రోడ్డు నీకు తెలుసు గదా, బాగలకోట, విజయపుర, రాయచూరు దిక్కు నుంచి కన్నడ భక్తులు వేలాదిగా వస్తాంటారు. భుజాన కంబి (కావడి) పెట్టుకుని వచ్చేవాళ్లు, మరగాళ్ల (కర్రకాళ్ల) మీద నడిచేవాళ్లు, పసిబిడ్డను చంకనెత్తుకుని వచ్చే తల్లులు. భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు, అట్ల అనుకుని చీర సారె పట్టుకుని పోతారు.

ఆ గుంపులో నుంచి ఒక ముసలావిడ నన్ను చూసి ఆగింది. నాకు కన్నడం అంతంతమాత్రం, ఆమెకు తెలుగు అసలు రాదు. నా పక్కనే కూర్చుని, నా కాలు తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నేను లాక్కోబోతే గట్టిగా పట్టుకుంది. సంచిలో నుంచి చిన్న సీసా తీసి అరికాలంతా ఆముదం రాసింది. పాత పంచె అంచు పీలికలుగా చింపి, ఒక్కో వేలికి విడివిడిగా చుట్టింది. వేలికీ వేలికీ మధ్య గుడ్డ ఉంటే రాపిడి ఉండదని అప్పుడే నాకు తెలిసింది. చుట్టడం అయినాక చేతులు కడుక్కుని, ఎండు జొన్నరొట్టె విరిచి శెనక్కాయల పొడి, ఇంత పెరుగు వేసి చేతిలో పెట్టింది. ఆమె ఇంటాయన పక్కన నిలబడి "నిధాన, నిధాన" అంటాండాడు. వాళ్లు నా కోసం ఒక పూట పోగొట్టుకున్నారు. వాళ్ల గుంపు ముందుకు పోయింది, అయినా లేవలేదు.

ఆ రాత్రి ఆత్మకూరులో అన్నదానం పెట్టే చోట పడుకున్నాం. ఆయన బ్యాగు పట్టీ కుట్టు ఊడి, తాడుతో కట్టుకుని ఉండాడు. నా దగ్గర సూది, లావు దారం ఎప్పుడూ ఉంటాయి. టార్చి వెలుతురులో కూర్చుని పట్టీ తిరగేసి రెండు వరసలు కుట్టిచ్చినా. అది చూసి పక్కనున్నాయన తన సంచి తెచ్చినాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పడుకునేసరికి చాలా పొద్దుపోయింది గానీ, పొద్దున లేచినాక ఆ గుంపులో నన్ను అడగని మనిషి లేడు. ఒకరు నీళ్లిచ్చినారు, ఒకరు నా దుప్పటి తీసుకుని తమ కావడికి కట్టుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఉగాదికి నా బ్యాగులో నవారు ముక్క, మైనం రాసిన దారం, మూడు సూదులు ఉంటాయి. సాయంత్రం ఆగిన చోట దుకాణం పెట్టినట్టే కూర్చుంటా, డబ్బులు మాత్రం తీసుకోను.

నీకోసం ఆగిన ఆ అక్క నష్టపోయిందని అనుకోవద్దు. రేపు ఆమెకు ఏదో ఒకటి కావాల్సి వస్తుంది, అప్పుడు నువ్వుంటావు. రోడ్డు మీద ఈ లెక్కలు వాటంతటవే సరిపోతాయి.

ఇంక ఒక పద్ధతి చెప్తా, మీ మామలకు చెప్పు. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి. వెనక పెడితే ఏమయితాదంటే, ముందువాళ్లు ఒక చోట ఆగి నీళ్లు తాగి సేద తీరతారు, వెనక మనిషి అక్కడికి చేరేసరికి వాళ్లు లేస్తారు. అలసిన మనిషికే విశ్రాంతి ఉండదు. ముందు పెడితే అందరూ ఒకే తీరుగా నడుస్తారు, ఆగితే అందరూ ఆగుతారు. మా బృందంలో ఇదే. చెప్పుకోవాల్సింది ఏందంటే, దీని వల్ల మేము ఏనాడూ ఆలస్యంగా చేరలేదు. ఉరికేవాళ్లు సాయంత్రానికి కుంటుతాంటారు, ఆ తర్వాత వాళ్ల కోసమే అందరూ ఆగాల్సి వస్తాది.

ఇప్పుడు బ్యాగు. 52 కిలోల మనిషికి 9 కిలోలు వద్దు. కొండలెక్కే గట్టివాళ్లు అంతకన్నా ఎక్కువే మోస్తారు గానీ, ఎండాకాలంలో కొత్తగా నడిచేవాళ్లకు నా లెక్క మన బరువులో పదో వంతు. నీళ్లతో కలిపి 5, 6 కిలోలు దాటనీయొద్దు. బ్యాగులో ఏమేం పెట్టినావో రాయి, తీసేసేవి నేను చెప్తా.

పట్టీల సంగతి. భుజాల మీద బరువు మోయడం తప్పు. బరువు నడుము ఎముక మీద కూర్చోవాల. కాలేజీ బ్యాగులకు నడుం పట్టీ ఉండదు, ఉన్నా దారం మాదిరి ఉంటాది. రెండు మూరల నవారు తీసుకుని బ్యాగు అడుగున రెండు పక్కలా గట్టిగా కుట్టించుకో, ముందర ముడి వేసుకునేటట్టు. నవారు మంచాలు అల్లేవాళ్ల దగ్గర దొరుకుతాది. నడుము దగ్గర బిగించి, ఆ తర్వాత భుజం పట్టీలు కొంచెం వదులు చెయ్యి. చేతులు తిమ్మిరెక్కేది పట్టీ చంక దగ్గర నరాన్ని నొక్కినందుకు, అది వెంటనే తగ్గుతాది. బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని, భుజాల మధ్యన వచ్చేటట్టు సర్దు. అడుగున పెడితే వెనక్కి లాగుతాది, మనం ముందుకు వంగి నడుస్తాం, నడుము పోతాది.

ఆత్మకూరు సిస్టరమ్మ

నేను నర్సుగా పనిచేస్తున్నాను. ఉగాదికి, శివరాత్రికి నడిచేవాళ్ల కోసం పెట్టే వైద్య శిబిరాల్లో ఏటా కూర్చుంటాను. ముందుగా పైన బాటసారి తమ్ముడు చెప్పిన దారం సంగతి. దయచేసి దారం లోపల వదలొద్దు. రోడ్డు మీది దుమ్ము, చెమట, పేడ, అన్నీ ఆ దారం వెంటే లోపలికి పోతాయి. చీము పట్టి కాలు వాచి వచ్చేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. బొబ్బ చిన్నదైతే ముట్టుకోవద్దు. పెద్దదై నడవనీయకపోతే, సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున ఒకటి రెండు చోట్ల పొడిచి నీరు తీసేయండి. పైతోలు మాత్రం పీకొద్దు, అదే లోపలి పచ్చిచర్మానికి కప్పు. మందు రాసి, కట్టుకు వాడే గాజు గుడ్డ వేసి, ప్లాస్టర్ వేయండి. పూటకోసారి మార్చండి.

అసలు అంతదాకా రానీయకూడదు. బొబ్బ రాకముందు మంట వస్తుంది, అమ్మాయి రాసిందే చూడండి. ఆ మంట మొదలైన నిమిషంలోనే ఆగాలి. చెప్పు విప్పి, కాలు ఆరబెట్టి, ఆ చోట మైక్రోపోర్ ప్లాస్టర్ నున్నగా, ముడత లేకుండా అంటించాలి. ఐదు నిమిషాల పని. మొహమాటపడి ఆగకపోతే ఐదు రోజులు కుంటాలి. చర్మం చెమటకు నాని మెత్తబడితేనే తొందరగా లేస్తుంది, కాబట్టి కూర్చున్న ప్రతిసారీ మేజోళ్లు విప్పి గాలి తగలనీయండి. రెండు జతలు పెట్టుకుని మార్చి మార్చి వేసుకోండి, విప్పినవి బ్యాగుకు పిన్నుతో తగిలిస్తే ఎండలో ఆరిపోతాయి. బూట్లు కొంటే సాయంత్రం పూట కొనండి, నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, వేళ్ల ముందు బొటనవేలు మందం చోటు ఉండాలి. నడకకు ముందురోజు కొత్త బూట్లు కొనడం మాత్రం వద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. నొప్పి మాత్రలు. చాలామంది జేబులో డైక్లోఫెనాక్, బ్రూఫెన్ పెట్టుకుని పూటకొకటి మింగుతూ నడుస్తారు. ఎండలో నీరు తగ్గిన ఒంటికి ఆ మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. తప్పదనుకుంటే పారాసిటమాల్ చాలు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, తల తిరిగి మాట తడబడితే, ఇంక నడవకండి, శిబిరానికి రండి. వట్టి నీళ్లే తాగుతూ పోవద్దు, ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలుపుకోండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు వేసిన మజ్జిగ కూడా మంచిదే, దారిపొడుగునా ఊళ్లవాళ్లు పోస్తారు.

మీ బృందంలో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల కాళ్లు రాత్రి పడుకునే ముందు వేరేవాళ్లు టార్చి వేసి చూడాలి. వాళ్లలో కొందరికి నొప్పి తెలియదు. దయచేసి ఇది మర్చిపోకండి.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

మామా, సిస్టరమ్మగారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ఆ అవ్వ సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. మధ్యలో ఆపి, ఇంకోసారి చదవమంది.

బ్యాగులో ఉన్నవి ఇవి: నాలుగు జతల చుడీదార్లు, ఒక పట్టుచీర (దర్శనానికి), రెండు దుప్పట్లు, టవలు, స్టీలు క్యారియర్ రెండు గిన్నెలది, రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు, బొరుగులు, చెక్కలు, రెండు కొబ్బరికాయలు, పూజ సామాను, పవర్ బ్యాంకు, టార్చి, మందుల డబ్బా.

ఆడవాళ్లు ఎవరైనా నడిచి ఉంటే, దారిలో బాత్రూం సంగతి కూడా చెప్పండి. మామలను అడగలేను. ఆ రోజు భయపడి నీళ్లు తక్కువ తాగాను.

అనంత నడక (అనంతపురం)

చెల్లీ, నీళ్లు తగ్గించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. నేను కూడా ఆడవాళ్ల గుంపుతో నడిచినదాన్నే. మా పద్ధతి ఏందంటే, ముగ్గురు కలిసి పోతాం. ఇద్దరు పాత చీర అడ్డం పట్టుకుంటారు, ఒకరు పోతారు. చీర ఎంత పల్చనిదైనా ఫర్వాలేదు, రంగు ముదురుగా ఉండాలి. అదే చీర మధ్యాహ్నం చెట్టు కింద పరుచుకోవచ్చు, రాత్రి కప్పుకోవచ్చు. తెల్లవారక ముందే పని కానిచ్చుకుంటే పగలు ఇబ్బంది తక్కువ. రోడ్డు దారిలో పెట్రోలు బంకులు ఉంటాయి, శిబిరాలు ఉంటాయి. అడవిలోకి పోయినాక మాత్రం గుంపును వదిలి పొదల్లోకి ఒంటరిగా పోవద్దు.

నెలసరి తేదీ దగ్గరగా ఉంటే ప్యాడ్లతో పాటు జిప్పు కవర్లు పెట్టుకో. వాడినవి కాగితంలో చుట్టి కవర్లో వేసి బ్యాగులోనే ఉంచుకుని శ్రీశైలంలో చెత్తబుట్టలో వేయి. అడవిలో పారేస్తే జంతువులు తవ్వి తీస్తాయి. ఈ సంగతి నీతో నడిచిన ఆ అక్కతో ముందే మాట్లాడుకో. ఒక్కరికి తెలిసి ఉంటే చాలు, సగం భయం పోతుంది.

తొడల మధ్య ఒరుసుకుని మంట పుడుతుంది, ఆ మాట ఎవరూ పైకి చెప్పరు. లోపల పొడవాటి కాటన్ లెగ్గింగ్ వేసుకో, పొద్దున బయలుదేరే ముందే వాసలిన్ రాసుకో.

సీమ నుంచి జార్జియా

మాది గుంతకల్లు దగ్గర ఊరు, ఇప్పుడు అమెరికాలో జార్జియాలో ఉంటున్నా. ఇక్కడ అపలేచియన్ ట్రైల్ అని ఒక కొండదారి ఉంది. మా రాష్ట్రంలో స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలై, 14 రాష్ట్రాల గుండా 3,500 కిలోమీటర్ల పైచిలుకు పోయి, మెయిన్ అనే రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. మొత్తం నడిచేవాళ్లకు ఐదారు నెలలు పడుతుంది. మొదలుపెట్టిన నలుగురిలో ఒకరే చివరిదాకా పోతారని లెక్క. సెలవు దొరికినప్పుడల్లా జార్జియా ముక్కలో నడుస్తుంటా.

ఈ అమ్మాయి రాసింది చదివితే నాకు నీల్ గ్యాప్ గుర్తొచ్చింది. స్ప్రింగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లకు వచ్చే చోటు అది. అక్కడొక పాత రాతి కట్టడం, అందులో నడిచేవాళ్ల సామాన్ల దుకాణం ఉంది. దారి ఆ కట్టడం లోపల నుంచే పోతుంది. మూడు నాలుగు రోజులకే భుజాలు పడిపోయినవాళ్లు అక్కడ బ్యాగు మొత్తం నేల మీద గుమ్మరిస్తారు. దుకాణంవాళ్లు కూర్చుని ఇది ఉంచు, ఇది ఇంటికి పంపేయి అని ఏరిపెడతారు. నేను చూసినప్పుడు బయట ఒక చెట్టు నిండా నడిచినవాళ్లు వదిలేసిన బూట్లు వేలాడుతుండేవి. నడక ఆపేసేవాళ్లు చాలామంది అక్కడే ఆపేస్తారు. ఒలింపిక్స్‌కు పోయేంత ఒళ్లున్నవాళ్లు ఆపేయడం, అరవై దాటిన ముసలమ్మ నవ్వుకుంటూ ముందుకు పోవడం కళ్లారా చూశాను.

ఇక్కడ కూడా దారి రోడ్డును దాటే చోట ముక్కూమొహం తెలియనివాళ్లు కారు డిక్కీ తెరిచి పండ్లు, చల్లటి నీళ్లు పెట్టుకుని నడిచేవాళ్ల కోసం కాచుకుని ఉంటారు. మొదటిసారి ఒకాయన చేతిలో నారింజ పండు పెట్టినప్పుడు నాకు ఆత్మకూరు రోడ్డు మీద మా నాయన మజ్జిగ కుండ పెట్టుకుని నిలబడింది కళ్ల ముందుకొచ్చింది.

అమ్మాయీ, మీ నందికొట్కూరు నడక నీకు నీల్ గ్యాప్ అనుకో. ఇప్పుడే గుమ్మరించి ఏరుకోవడం మంచిదయింది.

కత్తెర మామ (ఎమ్మిగనూరు)

గుమ్మరిద్దాం అయితే. చుడీదార్లు రెండే. ఒకటి ఒంటి మీద, ఒకటి బ్యాగులో. రాత్రి ఉతికి ఆరేస్తే మన ఎండకు పొద్దున్నే కట్టుకోవచ్చు. పట్టుచీర మీ ఇంటివాళ్లు ఎవరన్నా బస్సులో శ్రీశైలం వస్తాంటే వాళ్లతో పంపు. దుప్పటి ఒకటి చాలు, పల్చటిది. క్యారియర్ వద్దు, ఒక స్టీలు ప్లేటు, గ్లాసు పెట్టుకో. దారంతా అన్నం పెట్టేవాళ్లుంటారు. కర్నూలు దాటినాక ఉగ్గాని, బజ్జీ తినమని రోడ్డు మీదికొచ్చి చెయ్యి పట్టుకుంటారు, నువ్వే వద్దనాల్సి వస్తాది. కొబ్బరికాయలు శ్రీశైలంలో దొరుకుతాయి. చెక్కలు తీసేసి బెల్లం, వేయించిన శెనక్కాయలు పెట్టు. నీళ్లు రోడ్డు దారిలో ఒక లీటరు చాలు, అడవిలోకి దిగే ముందు వెంకటాపురంలో రెండు నింపుకో. ప్లాస్టిక్ బాటిళ్లు కాదు, స్టీలువి. అడవిలో ప్లాస్టిక్ పనికిరాదు, అది పులులుండే అడవి, మనం వాటి ఇంట్లో నుంచి పోతాండాం.

మీ మామ అడవిలో బస్సు ఉండదు అన్నాడు గదా, అది నిజం. కాబట్టి అడవి ముక్క గురించి కొంచెం నిదానంగా చెప్తా. ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా బస్సులో పోతే శ్రీశైలం 100 కిలోమీటర్లు దాటుతాది. వెంకటాపురం నుంచి అడవిలో అయితే సుమారు 40. నాగలూటి దాకా పెద్ద ఇబ్బంది లేదు, అక్కడ వీరభద్రుని గుడి ఉండాది, పాత కోనేరు, పెద్ద చెట్లు. మొదటి రాతి మెట్లు అక్కడి నుంచే కనబడతాయి. శ్రీశైలానికి మెట్లు కట్టించింది రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి, 14వ శతాబ్దంలో. ఎన్ని లక్షల కాళ్లు తొక్కినాయో, కొన్ని మెట్లు మధ్యలో పళ్లెం మాదిరి గుంట పడినాయి. వాన పడితే జారుతాయి, చూసుకుని కాలెయ్యాల.

పెద్దచెరువు దగ్గర చెంచుల గూడెం ఉంది. రాత్రికి అక్కడ ఆగేవాళ్లు ఎక్కువ. అక్కడి చెంచులు ఈ అడవిని ఎరిగినవాళ్లు, ఏ మలుపులో ఎట్ల పోవాలో వాళ్లు చెప్తే వినండి, ఎదురు చెప్పొద్దు. అసలు కష్టం ఆ తర్వాత. భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు పడతాది, ఎక్కేటప్పుడు ఊపిరి అందదు. దిగేటప్పుడు అడ్డంగా, పక్కకు తిరిగి అడుగెయ్యి. చేతికర్ర ఇంటి నుంచే తెచ్చుకో, అడవిలో కొమ్మ విరచొద్దు. కైలాసద్వారం ఎక్కే మెట్ల మీద గుంపులు గుంపులుగా ఆగిపోతాంటారు. ముందు మనిషి వీపు మీద చెయ్యి వేసి తోసేవాళ్లు, పైనుంచి చున్నీ జారవిడిచి పట్టుకోమనేవాళ్లు, ముసలోళ్ల బ్యాగు లాక్కుని తమ మెడలో వేసుకునేవాళ్లు. యాడోళ్లో, ఏ కులమో, ఏ భాషో ఎవరూ అడగరు. నీ భయమంతా అక్కడ తీరిపోతాది.

టార్చి సంగతి ఒకటుంది. ఉగాది అంటే అమావాస్య మర్నాడు. అంటే మీరు అడవిలో ఉండే రాత్రుల్లో వెన్నెల అనేదే ఉండదు, శివరాత్రికీ అంతే. చేతి టార్చి కన్నా తలకు కట్టుకునే లైటు మేలు, కర్ర పట్టుకునే చెయ్యి ఖాళీగా ఉంటాది. అడవి దారిని అటవీశాఖ ఆ పండగలప్పుడే తెరుస్తాది. వాళ్లు చెప్పిన వేళల్లోనే, గుంపుతోనే నడవండి.

బండి దిగిన బాటసారి (నంద్యాల)

సిస్టరమ్మగారూ, దారం సంగతి మా వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. మా బాబాయికి షుగర్ ఉంది, ఆయన కూడా అదే చేసుకునేవాడు. ఇప్పటి నుంచి రాత్రి ఆయన కాళ్లు నేనే చూస్తాను.

ఆత్మకూరు సిస్టరమ్మ

చాలా సంతోషం తమ్ముడూ. వేళ్ల సందులు కూడా చూడు. ఆయనను చెప్పులు లేకుండా మాత్రం నడవనీయొద్దు, ఎండకు కాలిన తారు రోడ్డు మీద అసలే వద్దు. మొక్కు అంటే గుడి ముందు కొంచెం దూరం విప్పుకోమను.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ ఒక మాట చెప్పాలని మళ్లీ వచ్చాను. నిన్న సాయంత్రం బృందం అంతా మా ఇంటికొచ్చారు. కత్తెర మామ చెప్పిన ముందు నడిచే పద్ధతి నేను చెప్పడానికి నోరు రాలేదు, మా అమ్మే చెప్పింది. ఆలోచించుకోమన్న మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, పోయినేడు కైలాసద్వారం మెట్ల మీద తనకు తొడ పట్టేసి గంటసేపు కూర్చుండిపోయానని, మిగతావాళ్లు గుడికి చేరిపోయారని, ఆ గంట ఎవరికీ చెప్పలేదని అన్నాడు. ఈసారి ముందు నన్ను, నా వెనక తనను పెట్టమన్నాడు. ఆ అక్క నవ్వి, అయితే మజ్జిగ క్యాను నేను మోస్తానంది.

ఈ ఆదివారం గార్గేయపురం దాకా పోయి వచ్చాం. బ్యాగు ఐదున్నర కిలోలు. మడమలకు ముందే ప్లాస్టర్ వేసుకున్నాను, రెండుసార్లు ఆగి మేజోళ్లు మార్చాను, అందరూ నాతో ఆగారు. బొబ్బ రాలేదు. భుజాలు ఇంకా కొంచెం నొస్తున్నాయి, ముఖ్యంగా కుడివైపు. నవారు పట్టీ పాతబస్తీలో ఒకాయన కుట్టిచ్చాడు గానీ, నడుస్తుంటే బ్యాగు కుడిపక్కకు వాలుతోంది. వచ్చే ఆదివారం మళ్లీ నందికొట్కూరు పోతున్నాం.

కత్తెర మామ (ఎమ్మిగనూరు)

మీ మామకు నా నమస్కారం చెప్పు పాపా. అంతమందిలో ఆ మాట చెప్పినాడంటే మంచి మనసు. తొడ పట్టేసేదానికి సిస్టరమ్మ చెప్పిన ఉప్పు నీళ్లు ఆయనకూ ఇవ్వండి.

బ్యాగు వాలేది రెండు కారణాలకు. నీళ్ల బాటిల్ ఒకే పక్క జేబులో పెట్టినా వాలుతాది, కుట్టినాయన పట్టీ ఒక పక్క పైకి కుట్టినా వాలుతాది. ముందు బాటిల్ ఎడమ జేబుకు మార్చి ఇంట్లో ఒక పది నిమిషాలు తిరుగు. అప్పటికీ వాలితే కుట్టే తేడా. బ్యాగు నింపి, తగిలించుకుని, వెనక నుంచి ఎవరితోనైనా ఫోటో తీయించి ఈడ పెట్టు. ఎన్ని అంగుళాలు దింపాలో గుర్తు పెట్టి చెప్తా. విప్పి కుట్టేటప్పుడు పాత దారం మీదే కుట్టొద్దని, అడ్డం గీత పెట్టి డబ్బా ఆకారంలో కుట్టమని ఆయనకు చెప్పు, లాగినా ఊడదు.